విస్తరి ముందు ఇచ్చేసిన ఆటగాడు

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫిజికల్ డైరెక్టర్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. బాస్కెట్‌బాల్ జట్టును రెండుమూడేళ్ళ ముందుచూపుతో ఎలా తయారుచేసుకోవాలో చెప్పమన్నారు. వాళ్ళ దగ్గర కంప్యూటర్‌లో వేసిన రంగురంగుల పట్టికలున్నాయి. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎవరు ఎక్కణ్ణించి వేస్తే బంతి పడుతుంది, అన్నీ ఉన్నాయి. అంతా చూసి, "బాగున్నాయి. పట్టికలు వేసుకోండి. వేసుకున్నాక మాత్రం ఎవరినీ భోజనానికి పిలవకండి" అన్నాను.

వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకన్నానో వాళ్ళకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. మా వంశంలో జీతం పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. మా తాతగారి హయాంలో దానాలకు కొంత, మా నాన్నగారి హయాంలో దావాలకు కొంత పోగా, నా వరకు వచ్చినవి రెండు గదులూ, నిటారుగా కూర్చునే అలవాటూ. "నడుం కొంచెం వంగితే గ్యాస్ బండ మీరే జరిపేవారండి" అంటుంది మా ఆవిడ. వంగడం రాక కాదు. సందర్భం రాలేదు.

తొంభైల నడుమ మా డెల్టాలో ఎనిమిది ఊళ్ళ క్లబ్బులు కలిసి ఒక లీగు నడుపుకొనేవి. దసరా వెళ్ళగానే మొదలుపెట్టి మాఘమాసం దాకా ప్రతి ఆదివారం ఆడేవాళ్ళం. సిమెంటు కోర్టున్న ఊళ్ళు మూడే. మిగతావన్నీ మట్టి కోర్టులు. ముసురు పట్టిందంటే బంతి నేలకు కొడితే అక్కడే కూర్చునేది. మా ఊరి క్లబ్బుకు నేనే మేనేజర్ని. ఆ పనికి ఎవరూ ఏమీ ఇవ్వరు, అందుకే నా హోదాకు తగ్గట్టుండేది.

సీజను సగంలో, కార్తీక పౌర్ణమి వెళ్ళిన వారం, క్లబ్బులు ఆటగాళ్ళను మార్చుకోవచ్చు. ఇద్దరు మేనేజర్లూ ఒక ఫారం మీద సంతకాలు పెట్టి లీగుకు పంపితే చాలు. మధ్యలో ఆటగాణ్ణి ఒకమాట అడగాలన్న నిబంధన లేదు. అప్పట్లో అది మాలో ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ వారం కోసం నేను ఏడాది పొడుగునా ఒక పుస్తకంలో రాసుకునేవాణ్ణి. పదిమంది ఆటగాళ్ళు, వాళ్ళ ఎత్తు, వయసు, ఇంకా ఎన్నాళ్ళు ఆడతారు. ఒకడి పేరు పక్కన 'వైశాఖంలో పెళ్ళి, ఆ తర్వాత నమ్మకం లేదు' అని ఉండేది. ఇంకొకడి పక్కన 'బంతికి ఎగరడు, రిఫరీ మీదికి ఎగురుతాడు' అని. మా కెప్టెను హైస్కూలు లెక్కల మాస్టారు. బుట్ట కింద కాపలా కాసే సెంటరు ఆయనే. ముప్పై నాలుగేళ్ళు దాటాయి. ఎగరడం మానేసి రెండేళ్ళయింది గానీ, ఆయన చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఎదుటివాళ్ళు అలిసిపోయేవారు. ఆయన పేరు పక్కన 'రెండేళ్ళు. ఆ తర్వాత ఎవరు?' అని రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

మా దగ్గర బంతిని ముందుకు నడిపే గార్డులు ఎక్కువ, పొడుగువాళ్ళు తక్కువ. పక్క ఊరి క్లబ్బులో పొడుగువాళ్ళు ఇద్దరు. అందులో ఒకడు బెంచీకే అంకితం. మా రెండో గార్డును ఇచ్చి ఆ బెంచీ మీది పొడుగాయన్ను తెచ్చుకోవాలి. ఇదీ నా పథకం. ఇప్పుడు చూసినా అందులో తప్పు కనిపించదు.

మొదటి గార్డు సంగతి వేరు. సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. మ్యాట్నీకీ ఫస్టు షోకీ నడుమ వచ్చి ప్రాక్టీసు చేసి వెళ్ళేవాడు. బంతి వాడి చేతిలో ఉంటే మిగతా నలుగురికీ ధైర్యం. ఆటల కోటాలో ఉద్యోగానికి అర్జీ పెట్టడానికి వయసు రీత్యా వాడికి అదే చివరి ఏడు. అర్జీ పెట్టాలంటే జిల్లా జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉండాలి. లీగు ఆఖరు రోజున సెలెక్టర్లు ముగ్గురు కూర్చుని ఆ జట్టు పేర్లు రాస్తారు. ఈసారి వాడి పేరు ఉంటుందని ఎనిమిది ఊళ్ళలోనూ అనుకునేవారు.

పక్క ఊరి మేనేజరు రొయ్యల చెరువుల ఆసామి. వాళ్ళ తాతగారు మా తాతగారి పొలాన్ని కౌలుకు చేసేవారు. ఆ పొలమే ఇప్పుడు వీళ్ళ చెరువు. ఆయన్ను ఆ వారం నేనే కబురుపెట్టి భోజనానికి పిలిచాను. నేను వాళ్ళింటికి వెళ్ళి అడగడం కన్నా, ఆయన మా ఇంటికి వచ్చి మాట్లాడడం పద్ధతిగా ఉంటుందనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మా ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న అతిథి దేన్ని బాగుందంటే అది ఆయనతో పాటే వెళ్తుంది. మా తాతగారు అలా ఒక ఎడ్ల జతను ఇచ్చారు. మా నాన్నగారు గోడ గడియారాన్ని ఇచ్చారు. అది టైము సరిగ్గా చూపించేది కాదు కాబట్టి మా నాన్నగారిది అంత పెద్ద త్యాగం కాదు. ఇచ్చినదానికి బదులు తీసుకోవడం మాత్రం ఉండదు. నా హయాం వచ్చేసరికి ఇంట్లో అతిథి మెచ్చుకోదగ్గది వెండి గ్లాసు ఒక్కటే మిగిలింది. ఎవరైనా వస్తున్నారంటే మా ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టేది.

కార్తీకం కాబట్టి కంద బచ్చలి కూర, పప్పుచారు, గుమ్మడి వడియాలు. ఆసామి తృప్తిగా తిన్నాడు. తిండిని మెచ్చుకుంటే ఇబ్బంది లేదు, మళ్ళీ వడ్డిస్తే సరిపోతుంది. మూడోసారి చారు పోయించుకుంటూ ఆయన అన్నాడు.

"బాబుగారూ, ఆ సినిమా హాలు కుర్రాడున్నాడు చూశారూ... ఏం ఆటండి ఆడిది! బంతి ఆడి చేతికి అతుక్కుని పుట్టినట్టుంటదండి. మీ క్లబ్బులో చూడదగ్గదంటే ఆ కుర్రాడేనండి. ఆయ్."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. గుమ్మంలో మా ఆవిడ నెయ్యి గిన్నెతో నిలబడిపోయింది. వద్దన్నట్టు తల ఊపుతోంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"తీసుకెళ్ళండి" అన్నాను.

"ఏంటండీ?"

"మీకు నచ్చాడు కదా. మీ క్లబ్బుకు తీసుకెళ్ళండి."

ఆసామి చారు గుటక వేసి కాసేపు నా మొహం చూశాడు. "ఊరికే మాటకన్నానండి. పోనీ మా పొడుగోణ్ణి పంపుతానండి బదులుగా. బెంచీ మీద ఖాళీగానే ఉంటున్నాడు."

నేను కోరుకున్నది అదే. పుస్తకంలో రెండు గీతలు గీసుకున్నది అందుకే. "మా ఇంట్లో ఇచ్చినదానికి బదులు పుచ్చుకోవడం లేదండి" అన్నాను. చెయ్యి కడుక్కుని ఫారం మీద సంతకం చేశాను.

ఆసామికి మా ఆనవాయితీ తెలుసో లేదో ఇప్పటికీ తేలలేదు. మా తాతగారి పడక్కుర్చీ వాళ్ళ వరండాలో ఉందని మాత్రం తర్వాత విన్నాను.

ఆయన వెళ్ళాక మా ఆవిడ బియ్యం డబ్బాలోంచి గ్లాసు తీసి దులుపుతూ, "దీన్ని దాచాను గానండీ, ఆ అబ్బాయిని కూడా దాచాలని నాకు తోచలేదు" అంది.

మర్నాడు సాయంత్రం కోర్టు దగ్గర చెప్పాను. మాస్టారు బంతిని చంకలో పెట్టుకుని విన్నారు.

"మరి మనకొచ్చే పొడుగాయన ఏడండి?"

"రావడం లేదు."

"ఇంకెవరొస్తున్నారండి?"

"ఎవరూ రావడం లేదు."

మాస్టారు లెక్కల మనిషి. "పదిలోంచి ఒకటి తీసేసి, ఏమీ కలపకుండా, దాన్ని మార్పిడంటారాండి?" అన్నారు.

"ఇది ముందుచూపుతో చేసిన ఏర్పాటు. మీకు తర్వాత అర్థమవుతుంది" అన్నాను. నాకు అర్థమైతే కదా ఆయనకు అర్థమవడానికి. విస్తరి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఒక ఆటగాణ్ణి పప్పుచారులో ఇచ్చేశానని పదిమందిలో ఎలా చెప్పను?

గార్డు బూట్లు విప్పుకుంటున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు. "నావల్ల ఏదన్నా పొరపాటు జరిగిందాండి?"

"ఏమీ లేదు. జట్టు అవసరాలు కొన్ని ఉంటాయి."

"అవునండి" అన్నాడు. బూట్లు రెండూ లేసులతో కట్టి భుజాన వేసుకుని ఫస్టు షో వేళయిందని వెళ్ళిపోయాడు.

పక్క ఊళ్ళో వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతారేమోనని నాలుగు రోజులు మథనపడ్డాను. అలా జరగలేదు. ఆసామి మొదటి ఆదివారం నుంచే ఆడించాడు. వాళ్ళ జట్టు పైకి పాకింది. మా జట్టు, పదిలో ఒకటి తీసేసిన జట్టు ఎలా ఉండాలో అలా ఉంది. ఒక ఆటలో మాస్టారు బంతి పట్టుకుని కోర్టు మధ్యలో నిలబడి, ఎవరికివ్వాలో తోచక రిఫరీకి ఇచ్చేశారు. సరే, ఓడిపోవడం మా ఇంటికి కొత్త కాదు. వాడి భవిష్యత్తుకు ఢోకా లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

అసలు తప్పు అప్పటికి ఇంకా బయటపడలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారం మాస్టారు ఇంటికి వచ్చారు. కూర్చోలేదు. "పాలకొల్లులో టీకొట్టు దగ్గర విన్నానండి. మన కుర్రాడికి మోకాలు పోయిందంట."

"ఎవరన్నారు? మొన్ననే కదా ఇరవై పాయింట్లు కొట్టాడు."

"కొట్టాడండి. కానీ అంతా ఏమనుకుంటున్నారంటే, అలాంటి ఆటగాణ్ణి ఏ మేనేజరైనా ఊరికే ఇస్తాడా? బదులు ఇస్తానన్నా వద్దన్నారంట. లోపల ఏదో పెద్ద దెబ్బే ఉండుండాలి, బాబుగారు పెద్దింటి మనిషి కాబట్టి బయటికి చెప్పకుండా వదిలించుకున్నారు అంటున్నారండి. జిల్లా జట్టులో వేశాక మోకాలు జారితే మాట తమకొస్తుందని సెలెక్టర్లు కూడా వెనకాడుతున్నారంట."

నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. నేను చెప్పలేదు. నాకు చేతనైన పని చేశాను. కాలేజీ లెటర్‌హెడ్ మీద సెలెక్టర్లకు ఒక ఉత్తరం రాశాను. 'మా క్లబ్బు పూర్వ సభ్యుడైన సదరు క్రీడాకారుని రెండు మోకాళ్ళూ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నవని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.' ముద్ర కూడా వేశాను. అప్పటిదాకా వాళ్ళకు ఒక మోకాలి మీదే అనుమానం. ఉత్తరం అందాక రెంటి మీదా మొదలైంది.

ఆఖరు ఆదివారం ఆటలన్నీ పాలకొల్లులోనే. మా ఆట పొద్దున్నే అయిపోయింది, చెప్పుకోవడానికేమీ లేదు. మధ్యాహ్నం పక్క ఊరి ఆట. వాడు ఆరోజు ఆడిన ఆట మళ్ళీ ఎక్కడా చూడలేదు. బంతిని వెనక నుంచి పోనిచ్చి, ఇద్దరి మధ్య దూరి, గాలిలో ఉండగానే వెనకాల ఉన్నవాడికి అందించాడు. జనం లేచి నిలబడ్డారు. సెలెక్టర్లు మాత్రం వాడు దిగినప్పుడల్లా కాళ్ళకేసి చూస్తున్నారు.

ఆట అయ్యాక సెలెక్టర్లు షామియానా కింద బల్ల దగ్గర చేరారు. మాస్టారు ఆ పక్కగా వెళ్ళి వచ్చారు.

"పన్నెండు పేర్లు రాశారండి. మనోడు లేడు."

"ఉత్తరం రాశాను కదండీ."

"ఆ ఉత్తరమే చేతిలో పట్టుకుని మాట్లాడుకుంటున్నారండి. అడక్కుండా మోకాళ్ళకు సర్టిఫికెట్ ఎవడిస్తాడని."

అంతలో గార్డు మా వైపు వచ్చాడు. పక్క ఊరి పచ్చ బనీను చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. మాస్టారికి నమస్కారం పెట్టి, నాకు ఎదురుగా నిలబడ్డాడు.

"బాబుగారూ, పేరు రాలేదంటండి. సరేనండి, దానికేం లేదు. నాలో ఏం తక్కువని మీరు వద్దనుకున్నారో అదొక్కటి చెప్పండి. రెండు నెలల్నుంచి ఆలోచిస్తన్నానండి. నాకు తెలీట్లేదు. చెపితే దిద్దుకుంటాను."

పుకారు ఊరంతా నమ్మిందని తెలుసు. వాడూ నమ్మాడని నాకప్పుడు తెలిసింది. నిక్షేపంలాంటి మోకాళ్ళున్నవాడు, తనలో ఏదో ఉందనుకుని రెండు నెలలుగా వెతుక్కుంటున్నాడు. నా పరువు నిలబెట్టడానికి వాడు తన ఆటను అనుమానించుకుంటున్నాడు.

"నాతో రా" అన్నాను.

షామియానా దగ్గర ముప్పై నలభై మంది ఉన్నారు. ఎనిమిది క్లబ్బుల మేనేజర్లూ అక్కడే ఉన్నారు. రొయ్యల ఆసామి కొబ్బరిబొండం తాగుతున్నాడు. పెద్ద సెలెక్టరు కళ్ళజోడు సవరించుకుని, "రండి బాబుగారూ. మీ ఉత్తరం గురించే అనుకుంటున్నాం" అన్నారు.

"ఆ ఉత్తరం చింపేయండి. ఈ అబ్బాయిలో లోపం లేదు. ఇతన్ని ఊరికే ఇచ్చింది లోపం వల్ల కాదు."

"మరెందుకిచ్చారండి? తెలివున్నవాడెవడూ..." అని ఆయన ఆగిపోయారు.

"తెలివి లేకే" అన్నాను.

అని, మొత్తం చెప్పాను. ఎడ్ల జత, గోడ గడియారం, బియ్యం డబ్బాలో గ్లాసు. కంద బచ్చలి దగ్గర ఒకాయన దగ్గాడు. పప్పుచారు దగ్గరికి వచ్చేసరికి వెనక ఎవరో ఆపుకోలేకపోయారు. బదులు వద్దన్నానని చెప్పేసరికి షామియానా గుంజలు కదిలేలా నవ్వారు. రిఫరీ విజిలు నోట్లో ఉండగానే నవ్వడంతో అది మోగింది. మాస్టారు పక్కకు తిరిగి మొహం తుడుచుకున్నారు. నేను కదల్లేదు. మా తాతగారు ఏనుగు మీద ఊరేగినప్పుడు కూడా అంత నిటారుగా కూర్చుని ఉండరు.

నవ్వు ఆగాక పెద్ద సెలెక్టరు ఆసామి వైపు తిరిగారు. "నిజమేనాండి?"

ఆసామి బొండం కింద పెట్టాడు. "నిజమేనండి. నెయ్యి గిన్నె పట్టుకుని అమ్మగారు తలూపుతానే ఉన్నారండి. నాకు బెరుకేసింది గానండి, ఇంత మంచి కుర్రాణ్ణి వద్దంటే బాబుగారు నొచ్చుకుంటారని ఊరుకున్నానండి. ఆయ్."

మళ్ళీ నవ్వులు. ఇంకో సెలెక్టరు, "మేం ఏదన్నా మెచ్చుకోవాలనుంది, మమ్మల్నెప్పుడు పిలుస్తారండి?" అన్నారు. "ఇంక ఇవ్వడానికి మాస్టారొక్కరే ఉన్నారు" అన్నాను. మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

పెద్ద సెలెక్టరు గార్డును ముందుకు పిలిచి, మొహం అంతా పరకాయించి చూసి, "గుంజీళ్ళు తీయగలవా?" అన్నారు. వాడు అక్కడే తీయడం మొదలుపెట్టాడు. ఇరవై దాటినా ఆపలేదు. "చాల్రా బాబూ, మాకు కాళ్ళు నొప్పెడుతున్నాయి" అని, ఆయన పన్నెండో పేరు కొట్టేసి పైన కొత్త పేరు రాశారు.

వాడికి ఆ సర్టిఫికెట్ మీదే ఏడాది తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. ఆ కొట్టేసిన పేరు ఎవరిదో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. మీరు జట్టు పట్టికలు వేసేటప్పుడు కొట్టేసే పేర్లున్నాయే, వాటిని కూడా ఒకసారి పిలిచి మాట్లాడండి. నేను నేర్చుకున్నది అంతే. అదీ సగమే నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం బల్ల దగ్గర్నుంచి బయటికి వస్తుంటే వాడు నా వెనకే నడిచాడు. బస్టాండు దగ్గర, "మీ గురించి అందరూ అలా నవ్వుతుంటే నాకు బాగోలేదండి బాబుగారూ" అన్నాడు.

"నవ్వనీ. నువ్వు వెళ్ళి స్నానం చెయ్యి, చలిగాలి" అన్నాను. ఆటగాడికి అంతకన్నా మంచి మాట నాకు చేతకాదు.

బస్సులో చోటు దొరికింది. పక్కన ఒక కొబ్బరికాయల వ్యాపారి కూర్చున్నాడు. బస్సు కదిలి పది నిమిషాలు కాలేదు, ఆయన నా మోచేతిని తట్టాడు.

"ఇది విన్నారాండి? ఇయ్యాళ బంతాట దగ్గర జరిగిందంట. ఎవరో పెద్దింటాయనంటండి, భోజనానికొచ్చినాయన మెచ్చుకున్నాడని ఆటగాణ్ణి గుమ్మడికాయ పులుసులో ఇచ్చేశాడంట! ఇలాంటోళ్ళు కూడా ఉంటారాండి?"

మాట తప్పించడానికి కిటికీ ఉంది. బయట కాలవ, దాని మీద సాయంకాలపు ఎండ, చూడదగ్గట్టుగానే ఉంది. కానీ మధ్యాహ్నం నలభై మందికి చెప్పినవాడికి ఒక్కడికి చెప్పడం ఏమంత కష్టం?

"పులుసు కాదండి, పప్పుచారు" అన్నాను. "నాకు బాగా తెలుసు. ఇచ్చింది నేనే."